కూలెంట్ టెంపరేచర్ కరెక్ట్‌గా కొలవడం ఎలా: డాష్‌బోర్డు ముల్లు ఒక్కదాన్నే నమ్ముకోకండి

కొండ ఎక్కుతున్నంతసేపూ ముల్లు సరిగ్గా మధ్యలోనే ఉంది. పైకొచ్చాక ఒక్కసారి కొంచెం లేచింది, లేచి రెండు నిమిషాల్లో మళ్లీ దిగిపోయింది, దిగడం అంటే మామూలుగా కాదు, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఎక్కడుంటదో అక్కడికి వచ్చేసింది. హమ్మయ్య చల్లబడింది అనుకుని ఇంకో పది నిమిషాలు నడిపేశాను. ఆపి బానెట్ లేపితే తెలిసింది, కింద హోస్ క్లాంప్ వదులైపోయి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) మొత్తం దారిపొడుగునా కారిపోయింది. సెన్సర్ చుట్టూ చుక్క నీరు లేదు, అది ఖాళీ గాలిని కొలుస్తా ఉంది, ఆ గాలి చల్లగా ఉంది కాబట్టి చల్లగా ఉందనే చెప్పింది. పాపం దాని తప్పేం లేదు. కానీ హెడ్ (ఇంజిన్ పైభాగం) వంగిపోయింది, దాని కింద గ్యాస్కెట్ పోయింది, బండి నెల రోజులు షెడ్డులోనే ఉంది.

అప్పటినుంచి నాకు ఒకటే పద్ధతి. ఏ మీటర్ చెప్పిన నంబరైనా సరే, దానికి సంబంధం లేని ఇంకో మీటర్ అదే చోట, అదే టైముకి, దాదాపు అదే నంబర్ చెప్పేదాకా నమ్మను. ఇది చదివాక మీరు కూడా మీ బండి మీద ఆ పని ఒకసారి చేసి పెట్టుకోవాలని నా కోరిక, ఎందుకంటే ఒకసారి చేస్తే ఆ తర్వాత మీ బండికి ఏది మామూలు ఏది తేడా అన్నది ముల్లు చూడకుండానే తెలిసిపోద్ది.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు, ఇవి దాటేసి చదవొద్దు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత గానీ రిజర్వాయర్ ప్రెషర్ మూత గానీ తిప్పొద్దు, గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పినా సరే వద్దు. లోపల ప్రెషర్‌లో 100 దాటినా మరగకుండా ఆగిన నీళ్లు మూత వదలగానే ఒక్కసారి ఆవిరై మొహానికి కొడతాయి. థర్మామీటర్ లోపల పెట్టి చూద్దాం అనే ఆలోచన వేడి ఇంజిన్ మీద అస్సలు పనికిరాదు. రెండోది, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నా కొన్ని బళ్లలో తనంతట తనే తిరుగుతుంది, చేతులు, వైర్లు, చొక్కా చేతులు దానికి దూరంగా ఉంచండి. కారిన కూలెంట్‌ని కూడా నేలమీద వదిలేయకండి, ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటది, కుక్కలు పిల్లులు నాకుతాయి, కొంచెం నాకినా ప్రాణం మీదకి వస్తది.

ముల్లు ఎందుకు సరిపోదు

చాలా బళ్లలో డాష్‌బోర్డు ముల్లు అసలు టెంపరేచర్‌ని ఉన్నది ఉన్నట్టు చూపించదు. కంపెనీ వాళ్లు కావాలనే అలా పెడతారు. సుమారుగా 75 నుంచి 105 డిగ్రీల దాకా ఎక్కడున్నా ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటది, మోడల్‌ని బట్టి ఈ హద్దులు అటూ ఇటూ మారతాయి. అంటే 82 దగ్గర హాయిగా నడిచే ఇంజినూ, 104 దాకా వేడెక్కిన ఇంజినూ డ్రైవర్ కంటికి ఒకేలా కనపడతాయి. ముల్లు మధ్యలోంచి కదిలిందంటే అప్పటికే పని చాలా దూరం పోయిందని అర్థం. కొన్ని బళ్లలో అయితే ముల్లు కూడా లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, మధ్యలో ఏమీ చెప్పదు.

ఇంకో సంగతి, పాత బళ్లలో చాలావాటికి సెన్సర్లు రెండు ఉంటాయి. ఒకటి సింగిల్ వైర్ సెండర్, అది ముల్లు కోసం, ఇంకోటి రెండు వైర్లది, అది ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కోసం. ఒకటి పాడైతే రెండోది బాగానే పనిచేస్తా ఉంటది, అందుకే ముల్లు ఒకటి, స్కానర్ (ఈసీయూలో నంబర్లు చదివే పరికరం) ఇంకోటి చెప్పడం వింతేం కాదు. మీ బండిలో ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో ముందు కనుక్కోండి, సర్వీస్ మాన్యువల్‌లో ఉంటది.

అసలు ఏ చోటు టెంపరేచర్ కావాలి మనకి

ఇది చాలామంది వదిలేసే ప్రశ్న. ఇంజిన్‌లో కూలెంట్ అంతటా ఒకే వేడి ఉండదు. సిలిండర్ హెడ్ దాటి బయటికొచ్చే చోట అన్నిటికంటే ఎక్కువ, రేడియేటర్ దాటి కింద హోస్‌లోంచి తిరిగొచ్చే చోట తక్కువ, లోడ్ మీద ఈ రెంటికీ మధ్య 10 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తేడా ఉంటది. థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) మూసి ఉన్నప్పుడైతే మరీ విచిత్రం, ఇంజిన్ 80కి వచ్చినా రేడియేటర్ చేత్తో ముట్టుకునేంత చల్లగా ఉంటది. కాబట్టి ఒకరు హెడ్ దగ్గర కొలిచి 95 అంటే, ఇంకొకరు కింద హోస్ దగ్గర కొలిచి 80 అంటే ఇద్దరిదీ కరెక్టే. మనం పోల్చాల్సింది మాత్రం ఒకే చోటుని. ఈసీయూ సెన్సర్ ఎక్కువగా హెడ్ నుంచి నీళ్లు బయటికొచ్చే హౌసింగ్ మీద గానీ థర్మోస్టాట్ హౌసింగ్ మీద గానీ బిగించి ఉంటది, రెండో మీటర్ కూడా దానికి బెత్తెడు దూరంలో, అదే మెటల్ మీద పెట్టాలి. కొన్ని ఇంజిన్లలో సెన్సర్ కూలెంట్‌ని తాకనే తాకదు, హెడ్ మెటల్‌లోకి బిగించి ఉంటది, దాన్నిబట్టి కూలెంట్ ఎంతుందో ఈసీయూ లెక్క కడతది, అలాంటి బండిలో ఆ నంబర్‌కి కొంచెం మినహాయింపు ఇవ్వాలి.

థర్మోస్టాట్ మీద ఒక నంబర్ కొట్టి ఉంటది, 82 అనో 88 అనో. అది తెరుచుకోవడం మొదలయ్యే టెంపరేచర్, పూర్తిగా తెరుచుకోడానికి ఇంకో పది పదిహేను డిగ్రీలు పడతది. ఈ నంబర్ రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

స్కానర్‌తో మొదలుపెట్టండి

ఓబీడీ పోర్టు (స్కానర్ తగిలించే సాకెట్) ఉన్న బండి అయితే చవకలో దొరికే ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్, ఈ రెండూ చాలు. పోర్టు మామూలుగా స్టీరింగ్ కింద ఉంటది. లైవ్ డేటాలో కూలెంట్ టెంపరేచర్ తీసుకుంటే ముల్లుకి ఉన్న ఆ దాపరికం ఉండదు, ఈసీయూ ఏమనుకుంటుందో అదే డిగ్రీల్లో వస్తది.

ఆ నంబర్ ఎలా వస్తదో తెలిస్తే తప్పు పట్టుకోవడం తేలిక. ఈసీయూ పంపేది ఒకే ఒక బైట్, 0 నుంచి 255 దాకా. అందులోంచి 40 తీసేస్తే సెల్సియస్. ఉదాహరణకి యాప్‌లో రా డేటా చూస్తే 41 05 7బీ అని వచ్చిందనుకోండి, 05 అంటే కూలెంట్ టెంపరేచర్, 7బీ అనేది కంప్యూటర్ వాడే హెక్స్ అంకె, మన లెక్కలో 123, అందులోంచి 40 పోతే 83 డిగ్రీలు. ఈ లెక్క ప్రకారం కనిష్ఠం మైనస్ 40, గరిష్ఠం 215. పాయింటు తర్వాత అంకె రాదు, కాబట్టి యాప్‌లో 91.4 అని కనపడితే అది ఫారెన్‌హీట్ మార్పిడిలోనో సగటులోనో పుట్టిన పాయింటు, సెన్సర్ చెప్పింది కాదు. స్క్రీన్ మీద మైనస్ 40 కదలకుండా నిలబడితే బయట మంచు కురుస్తోందని కాదు, సెన్సర్ వైర్ తెగింది లేదా కనెక్టర్ ఊడింది. ఆ ఫాల్ట్‌కి కోడ్ పీ0118. వైర్ షార్ట్ అయితే దానికి ఎదురు, టెంపరేచర్ విపరీతంగా ఎక్కువ చూపిస్తది, కోడ్ పీ0117.

ఇక్కడ ఒక జాగ్రత్త. సెన్సర్ పోయిందని ఈసీయూకి తెలిస్తే కొన్ని బళ్లలో అది ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతూ, తన దగ్గరున్న ఒక డిఫాల్ట్ నంబర్‌ని స్కానర్‌కి పంపుతూ ఉంటది. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచీ టెంపరేచర్ ఒక గుండ్రని నంబర్ మీద అతుక్కుపోయినట్టు కదలకుండా ఉంటే, ఫ్యాన్ పొద్దున్నే చల్ల ఇంజిన్ మీద కూడా తిరుగుతుంటే, అది కొలిచిన నంబర్ కాదు.

రాత్రంతా ఆపి పెట్టి చేసే పరీక్ష

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, పైసా ఖర్చు లేదు, మోసం చేయదు. బండిని సాయంత్రం నీడలో పెట్టి వదిలేయండి, కనీసం 8 గంటలు, 10 అయితే ఇంకా మంచిది. పొద్దున్నే ఎండ బానెట్ మీద పడకముందే వెళ్లి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో రెండు నంబర్లు చూడండి: కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ గాలి టెంపరేచర్. ఆ టైముకి ఇంజిన్, కూలెంట్, లోపలి గాలి, బయటి గాలి అన్నీ ఒకే వేడికి వచ్చేసి ఉంటాయి కాబట్టి రెండు నంబర్లూ ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల లోపు ఉండాలి, బానెట్ కింద పెట్టిన మామూలు థర్మామీటర్ కూడా అదే చెప్పాలి. ఇన్‌టేక్ 24, కూలెంట్ 25 అయితే బాగుంది. ఇన్‌టేక్ 24, కూలెంట్ 36 అయితే ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు, ఎవరన్నది బయటి థర్మామీటర్ తేలుస్తది.

కానీ ఈ పరీక్ష పాసయింది కదా అని అక్కడే ఆగిపోవద్దు, ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఇది తెలియకే చాలామంది మంచి సెన్సర్‌ని తీసేసి వైరింగ్‌లో ఉన్న అసలు రోగాన్ని వదిలేస్తారు.

లోపలున్నది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతది, సమానంగా కాదు, మొదట్లో గబగబా, తర్వాత నెమ్మదిగా. బాగా వాడుకలో ఉన్న ఒక రకం సెన్సర్‌లో 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓమ్స్, 40 దగ్గర 1200 లోపు, 60 దగ్గర 600, 80 దగ్గర 320, 100 దగ్గర 186 ఉంటది. మీ సెన్సర్ టేబుల్ వేరేది అయి ఉండొచ్చు, మాన్యువల్‌లోదే ఫైనల్, కానీ వంపు తీరు అన్నిటికీ ఇదే. ఇప్పుడు చూడండి, 20 దగ్గర ఒక డిగ్రీ మారితే సుమారు 100 ఓమ్స్ మారతది. 90 దగ్గర ఒక డిగ్రీకి మారేది ఏడు ఓమ్స్ మాత్రమే. కనెక్టర్ పిన్నుకి పచ్చగా చిలుం పట్టి అక్కడ 30 ఓమ్స్ అదనంగా చేరిందనుకోండి. పొద్దున పరీక్షలో 2500లో 30 ఎంత, అర డిగ్రీ కూడా కాదు, కనపడదు. అదే 30 ఓమ్స్ ఇంజిన్ వేడెక్కాక నాలుగైదు డిగ్రీల తేడా తెస్తది, అదీ తక్కువ చూపించే వైపు. అసలు 97 ఉంటే స్క్రీన్ 92 అంటది, ఫ్యాన్ ఆలస్యంగా ఆన్ అవుతది. అందుకే చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి, రెండుసార్లూ చూడాల్సిందే.

సెన్సర్‌ని బయటికి తీసి నీళ్లలో చూడటం

అనుమానం సెన్సర్ మీదే ఉంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాక దాన్ని విప్పండి, కొంచెం కూలెంట్ కారుతుంది, కింద గిన్నె పెట్టుకోండి. తర్వాత వంటకి వాడని ఒక పాత గిన్నెలో నీళ్లు, మల్టీమీటర్, నమ్మదగిన థర్మామీటర్ ఒకటి. సెన్సర్‌ని దారంతో కట్టి వేలాడదీయండి, ఇత్తడి మొన మునగాలి, పైనున్న ప్లాస్టిక్ కనెక్టర్ మాత్రం తడవకూడదు. మొన గిన్నె అడుగుని తాకకూడదు, అడుగు నీళ్లకంటే వేడిగా ఉంటది. థర్మామీటర్ బల్బు సెన్సర్ మొన పక్కనే, వేలు దూరంలో ఉండాలి.

చాలామంది పొయ్యి మీద పెట్టి వేడెక్కుతుండగా రాసుకుంటారు, అలా చేస్తే నంబర్లు కుదరవు, ఎందుకంటే మంట ఉన్నప్పుడు గిన్నెలో ఒక్కో చోట ఒక్కో వేడి, పైగా సెన్సర్ ఎప్పుడూ నీళ్లకంటే రెండడుగులు వెనకే ఉంటది. నీళ్లని మరిగించి, పొయ్యి ఆపేసి, దింపి, చల్లారుతుండగా కొలవండి. చెంచాతో కలుపుతా ఉండండి, థర్మామీటర్ 80కి దిగినప్పుడు ఓమ్స్ ఎంతో రాసుకోండి, 60 దగ్గర ఒకటి, 40 దగ్గర ఒకటి. ఓపిక ఉంటే చివర్లో ఐస్ ముక్కలు నిండుగా వేసిన నీళ్లలో కూడా ఒకటి, అది 0. ఈ నాలుగూ టేబుల్‌తో సరిపోతే సెన్సర్ బాగుంది, ఇక వైర్లు, పిన్నులు, ఎర్త్ వైపు చూడాలి. మల్టీమీటర్ పిన్నులు రెండూ ఒకదానికొకటి ఆనించి మీటర్ ఎంత చూపిస్తదో కూడా చూడండి, అర ఓమో ఒక ఓమో వస్తే దాన్ని తీసేయాలి, వేడి వైపు ఒక్క ఓమ్‌కి కూడా విలువుంది.

మరిగే నీళ్లంటే 100 అని గుడ్డిగా అనుకోవద్దు. సముద్రమట్టం దగ్గరే 100, అక్కణ్ణుంచి ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రతి 300 మీటర్లకీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతది, 1500 మీటర్ల ఎత్తులో 95 దగ్గరే నీళ్లు తెర్లుతాయి. థర్మామీటర్‌ని సరిచూసుకునేటప్పుడు ఇది లెక్కలో పెట్టుకోకపోతే బాగున్న థర్మామీటర్‌ని పారేస్తారు. ఐస్ నీళ్లకి ఈ గొడవ లేదు, ఐస్ బాగా చితక్కొట్టి, నీళ్లు కొంచెమే పోసి, కలిపి రెండు నిమిషాలు ఆగితే ఎక్కడైనా 0 వస్తది.

గన్ థర్మామీటర్ గురించి

ట్రిగ్గర్ నొక్కగానే నంబర్ వచ్చే ఇన్‌ఫ్రారెడ్ గన్ అందరికీ ఇష్టం, ఎక్కువ తప్పులు జరిగేదీ దీంతోనే. అది వేడిని ముట్టుకుని చూడదు, ఉపరితలం నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణాల్ని చూస్తది. నల్లగా, గరుగ్గా ఉన్న ఉపరితలం వేడికి తగ్గట్టు కిరణాలు ఇస్తది. మెరిసే అల్యూమినియం అయితే దాదాపు అద్దం లాంటిది, తనవి కొంచెమే ఇచ్చి, చుట్టుపక్కల చల్లగా ఉన్న వాటిని ప్రతిఫలిస్తది. మెషిన్ పాలిష్ ఉన్న థర్మోస్టాట్ హౌసింగ్ మీద గన్ పెడితే అసలు 90 ఉన్న చోట 45, 50 వస్తది. ఇది చూసి థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందని మార్చేసిన వాళ్లని చూశాను.

మందు చాలా తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ హౌసింగ్‌ని గుడ్డతో నూనె మరక లేకుండా తుడిచి, సెన్సర్ పక్కనే రూపాయి బిళ్లంత చోట వేడిని తట్టుకునే మ్యాట్ బ్లాక్ పెయింట్ వేయండి, ఆరనివ్వండి. పెయింట్ లేకపోతే నల్ల ఎలక్ట్రికల్ టేప్ ముక్క, బుడగ లేకుండా గట్టిగా అదిమి అతికించండి, ఒకపూట కొలతకి అది ఆగుతది కానీ ఆ వేడికి జిగురు కారుతది కాబట్టి పని అవగానే పీకేయాలి. గన్‌లో ఎమిసివిటీ (ఉపరితలం ఎంత బాగా కిరణాలు ఇస్తదో చెప్పే అంకె) సెట్టింగ్ ఉంటే 0.95 పెట్టుకోండి, చాలా గన్‌లకి అదే ఫిక్స్‌డ్‌గా ఉంటది.

ఇంకా, గన్ ఎంత దూరంలో పెడితే అంత పెద్ద వృత్తాన్ని చూస్తది. 12:1 అని రాసి ఉంటే 12 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటర్ వెడల్పు మచ్చని చూస్తదని. మీరు అర మీటరు దూరంలో నిలబడి కొడితే నాలుగు సెంటీమీటర్లకి పైగా వెడల్పు, అందులో హౌసింగూ ఉంటది, పక్కన ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఉంటది, వచ్చే నంబర్ రెంటి కలగూరగంప. ఎర్ర లేజర్ చుక్క కేవలం గురి కోసం, దగ్గరగా పెట్టినప్పుడు అసలు కొలిచే చోటు ఆ చుక్కకి కొంచెం కింద ఉంటది. రబ్బర్ హోస్ మీద కొడితే మెటల్ సమస్య ఉండదు కానీ రబ్బర్ వేడిని ఆపేస్తది, లోపలి నీళ్లకంటే బయట పది డిగ్రీలు తక్కువ చూపించడం మామూలే. ఎన్ని మైనస్ పాయింట్లు చెప్పినా గన్‌ని తీసిపారేయను, రేడియేటర్ మీద ఎక్కడ బ్లాక్ అయిందో, ఒక మూల చల్లగా ఉండిపోయిందో వెతకడానికి దాన్ని మించింది లేదు. నల్ల మచ్చ పెట్టుకుంటే సెన్సర్‌ని సరిచూడటానికి కూడా పనికొస్తది.

థర్మోకపుల్, నా ఓటు దీనికే

చాలా మల్టీమీటర్లతో పాటు సన్నటి వైర్ చివర చిన్న పూస లాంటిది ఉన్న కె టైప్ థర్మోకపుల్ ప్రోబ్ ఇస్తారు. దాన్ని సరిగ్గా పెడితే గన్‌కంటే ఎంతో నమ్మకం. కె టైప్ మామూలు రకం వైర్‌కే ప్లస్ ఆర్ మైనస్ రెండున్నర డిగ్రీల తేడా ఉండొచ్చు, మీటర్ తేడా దానికి అదనం, కాబట్టి ముందు ఐస్ నీళ్లలోనూ మరిగే నీళ్లలోనూ పెట్టి ఎంత తేడా చూపిస్తోందో కాగితం మీద రాసి మీటర్ వెనక అతికించేయండి.

పెట్టడంలోనే కిటుకంతా ఉంది. పై హోస్ ఎక్కే మెటల్ మెడ ఉంటది కదా, హోస్ అంచుకీ హౌసింగ్‌కీ మధ్య కనపడే ఆ కాస్త మెటల్ మీద పూసని ఆనించి, దానిమీద జిప్ టై గానీ చిన్న క్లాంప్ గానీ వేసి బిగించండి. పూస మెటల్‌ని తాకాలి, గాలిలో వేలాడకూడదు. ఆ తర్వాత అందరూ మర్చిపోయే పని, పూస మీద ఫోమ్ ముక్కో నాలుగు మడతలు పెట్టిన గుడ్డో కప్పి చుట్టూ గట్టిగా కట్టండి. కప్పకపోతే ఫ్యాన్ గాలి పూసని చల్లబరుస్తా ఉంటది, ఫ్యాన్ ఆన్ అయిన ప్రతిసారీ నంబర్ ఊగుతది. కప్పాక వైర్‌ని ఫ్యాన్‌కి, బెల్టుకి, ఎగ్జాస్ట్‌కి తగలకుండా బానెట్ అంచులోంచి లోపలికి తెచ్చుకోండి. గుడ్డ ఎగ్జాస్ట్ వైపు వేలాడకుండా చూసుకోవాలి, అది మండే వస్తువు.

ఇప్పుడు అసలు కొలత. బయట బండి నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఏసీ ఆపేసి స్టార్ట్ చేయండి (ఏసీ ఆన్‌లో ఉంటే ఫ్యాన్ దానికోసం తిరుగుతది, లెక్క చెడిపోద్ది). మూసి ఉన్న షెడ్డులో మాత్రం ఇది చేయొద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. రెండు నిమిషాలకోసారి స్కానర్ నంబర్, థర్మోకపుల్ నంబర్ పక్కపక్కనే రాసుకోండి. మొదట్లో థర్మోకపుల్ వెనకబడి ఉంటది, మెటల్ వేడెక్కడానికి టైం పడతది, అది తప్పు కాదు. 80 దాటాక దగ్గరకొస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఒక ముచ్చట కనపడతది, స్కానర్ నంబర్ ఎక్కుతా ఎక్కుతా ఒక్కసారి రెండు మూడు డిగ్రీలు దిగి మళ్లీ లేస్తది, ఎందుకంటే రేడియేటర్‌లో ఉన్న చల్లటి నీళ్లు మొదటిసారి ఇంజిన్‌లోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే కింద హోస్ వేడెక్కడం మొదలవుద్ది. ఆ దిగుడు ఎంత దగ్గర మొదలైందో చూసి ఇందాక రాసుకున్న థర్మోస్టాట్ నంబర్‌తో పోల్చండి, చుట్టుపక్కలే ఉండాలి.

అలాగే ఐడిల్‌లో ఉంచితే ఫ్యాన్ ఆన్ అవుతది, చాలా బళ్లలో 95 నుంచి 105 మధ్యలో. అది తిరిగి ఆగేదాకా, అలా రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. ఈ స్థిరపడ్డ టైములో ఉన్న నంబర్లే అసలైనవి. స్కానర్ 96, థర్మోకపుల్ 93 అయితే నేను సంతోషిస్తాను, మెటల్ బయటి వైపు లోపలి నీళ్లకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండటం సహజం. స్కానర్ 88, థర్మోకపుల్ 95 అయితే సందేహమే లేదు, బయటి మెటల్ లోపలి నీళ్లకంటే వేడిగా ఉండదు కదా, ప్రోబ్ ఎగ్జాస్ట్ వేడికి దగ్గరగా లేదని ఒకసారి చూసుకుని వెంటనే కనెక్టర్ విప్పి పిన్నులు చూడండి.

ఇంజిన్ ఆపాక కూడా ఐదు నిమిషాలు ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి చూడండి. పంపు ఆగిపోయింది, హెడ్‌లో ఉన్న వేడంతా నిలిచిపోయిన నీళ్లలోకి దిగుతుంది, నంబర్ ఎక్కుతది. ఇది మామూలే, కంగారు పడక్కర్లేదు, కానీ పెట్రోల్ బంకులో ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన వెంటనే చూసిన నంబర్‌ని నడిపేటప్పటి నంబర్ అనుకోకూడదు.

తర్వాత లోడ్ మీద ఒక రౌండ్, నలభై నిమిషాలైనా, ట్రాఫిక్, ఎక్కుడు, ఖాళీ రోడ్డు మూడూ ఉండేలా. యాప్‌లో లాగింగ్ పెట్టేయండి, నడుపుతూ స్క్రీన్ చూడొద్దు. ఖాళీ రోడ్డు మీద స్పీడుగా పోయేటప్పుడు టెంపరేచర్ 70ల్లోకి దిగి, ఆగినప్పుడు మళ్లీ లేస్తుంటే థర్మోస్టాట్ మూసుకోవట్లేదు, అప్పుడే పీ0128 కోడ్ కూడా వస్తది. స్పీడులో బాగుండి ఐడిల్‌లో పెరుగుతుంటే ఫ్యాన్ వైపు వెతకండి. ఐడిల్‌లో బాగుండి ఎక్కుడులో పెరుగుతుంటే రేడియేటర్ పూడిక, పంపు, కూలెంట్ తక్కువ, ఇవి.

విడిగా గేజ్ పెట్టుకునేవాళ్లకి

స్కానర్ పోర్టు లేని పాత బండి అయితే వేరే గేజ్ పెట్టుకోవడమే మంచిది. సెండర్ పెట్టే చోటు థర్మోస్టాట్‌కి ఇంజిన్ వైపు ఉండాలి. హోస్ కోసి అడాప్టర్ పెట్టి అందులో సెండర్ బిగిస్తే, థర్మోస్టాట్ హెడ్ అవుట్‌లెట్ దగ్గర ఉన్న బండిలో, అది తెరుచుకునేదాకా గేజ్ చల్లగానే చూపిస్తది, అది ఇరుక్కుపోయిన రోజున కూడా చల్లగానే చూపిస్తది, అంటే అవసరమైన ఆ ఒక్కరోజే పనికిరాకుండా పోతది. సింగిల్ వైర్ సెండర్‌కి బాడీయే ఎర్త్, రబ్బర్ హోస్ మధ్యలో ఉన్న అడాప్టర్‌కి ఎర్త్ ఎక్కణ్ణుంచి వస్తది, దానికి విడిగా ఇంజిన్ బ్లాక్ దాకా వైర్ వేయాల్సిందే. మరకి టెఫ్లాన్ టేప్ మందంగా చుట్టినా ఇదే ఇబ్బంది. ఒక కంపెనీ గేజ్‌కి ఇంకో కంపెనీ సెండర్ కలపొద్దు, ఓమ్స్ టేబుల్స్ వేరు.

నంబర్ చూసేటప్పుడు మూత కూడా గుర్తుండాలి

ఎక్కువ ఇంజిన్లకి 85 నుంచి 105 మామూలు. కానీ 108 చూసి ఇది ప్రమాదమా కాదా అన్నది నంబర్ ఒక్కటే చెప్పలేదు. సగం గ్లైకాల్ సగం నీళ్లు కలిపిన కూలెంట్ ప్రెషర్ లేకుండా 107 దగ్గర మరుగుతది, 1 బార్ మూత పెడితే అదే 125 దాటేదాకా మరగదు. మూత స్ప్రింగ్ లూజై ప్రెషర్ నిలవకపోతే, అందులోనూ ఎవరో వట్టి నీళ్లు పోసి ఉంటే, అదే 108 దగ్గర హెడ్ చుట్టూ ఆవిరి బుడగలు మొదలైపోతాయి, ఆ బుడగ సెన్సర్ మీద నిలిచిందంటే నంబర్‌కి అర్థమే ఉండదు. కాబట్టి కొలిచే ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ లెవెల్ చూడండి, మూత రబ్బరు పగిలిందేమో చూడండి. నడుస్తుండగా టెంపరేచర్ ఏ కారణం లేకుండా గబుక్కున దిగిపోయిందా, హీటర్ పెడితే చల్లగాలి వస్తోందా, వెంటనే పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. కూలెంట్ లేదు అక్కడ.

సెన్సర్ గానీ థర్మోస్టాట్ గానీ మార్చినా, కూలెంట్ మార్చినా లోపల గాలి చేరుతది. మాన్యువల్‌లో చెప్పినట్టు బ్లీడ్ స్క్రూ తీసి గాలి పోగొట్టాక, మర్నాడు పొద్దున చల్ల పరీక్ష, ఆ తర్వాత థర్మోకపుల్ కట్టి వేడి పరీక్ష మళ్లీ చేయండి. వచ్చిన నంబర్లు, థర్మోస్టాట్ తెరుచుకున్న డిగ్రీ, ఫ్యాన్ ఆన్ అయింది ఆఫ్ అయింది, ఆ రోజు బయటి వేడి, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి సర్వీస్ బుక్కులో పెట్టండి. ఆరు నెలల తర్వాత ఏదైనా అనుమానం వస్తే పోల్చుకోడానికి మీ బండి సొంత నంబర్లే మీ దగ్గర ఉంటాయి.